క్లబ్బు ఎవరిది? – అమెరికా యజమానులు, ఆంగ్ల ఫుట్‌బాల్ అభిమానుల వివాదము

ఇంగ్లండు దక్షిణ తీరమున, నౌకాదళ స్థావరముగా శతాబ్దములనుండి ప్రసిద్ధి వహించిన పోర్ట్స్‌మత్ నగరమునందు, 2017 మే నెలలో, వాటా వేయి పౌనుల చొప్పున కొని తమ ఫుట్‌బాల్ క్లబ్బును దివాలానుండి విడిపించుకొన్న రెండువేల పైచిలుకు సామాన్య వాటాదారుల ముందు ఒక ప్రశ్న నిలిచెను: డిస్నీ సంస్థకు ఇరువది సంవత్సరములకు మించి అధిపతిగా నుండిన మైకేల్ ఐస్నర్ అను అమెరికా ధనికునకు ఆ క్లబ్బును అమ్మవలెనా, వలదా? తమ క్లబ్బు చేతులు మారినదను వార్తను పత్రికలలో చదివి తెలిసికొనుటకే అలవాటుపడిన ఆంగ్లదేశపు అభిమానలోకమున, ఇట్టి ప్రశ్నను ముందుగా అభిమానులనే అడుగుటయు, వారి జవాబుమీదనే క్రయవిక్రయము ఆధారపడియుండుటయు మిక్కిలి అరుదు. గడచిన ఇరువదేండ్లలో అట్లాంటిక్ దాటివచ్చి ఆంగ్ల క్లబ్బులను కొన్న అమెరికా ధనికుల సంఖ్య క్రమముగా పెరిగి, నేడు ప్రీమియర్ లీగునందలి ఇరువది క్లబ్బులలో సగమునకు అటునిటుగా వారి అధీనమునందో, వారి ప్రధాన భాగస్వామ్యమునందో ఉన్నవి. కొనుగోలు జరిగిన ప్రతి ఊరను ఒకే విధమైన తర్కము రేగుచున్నది. దానిని మొత్తముగా పరిశీలింపదలచిన వారికి పోర్ట్స్‌మత్ కంటె మంచి ఆరంభము దొరకదు; ఏలయన, అచ్చట ఉభయపక్షముల వాదములును ఓటు వేయవలసినవారి నోటనే, ఫలితమును తామే అనుభవింపవలసియున్నదను ఎరుకతో వెలువడినవి.

ఆ క్లబ్బు చరిత్ర చిన్నది కాదు. 1949, 1950 సంవత్సరములలో వరుసగా ఇంగ్లండు లీగు విజేతయై, 1939లో గెలిచిన ఎఫ్.ఏ. కప్పును యుద్ధకారణమున పోటీలు నిలిచిపోగా ఏడేండ్లు తనయొద్దనే ఉంచుకొన్న క్లబ్బది. 2008 మే నెలలో వెంబ్లీ మైదానమున కార్డిఫ్ జట్టును ఒక్క గోలుతో ఓడించి ఆ కప్పును మరల గెలుచుకొనెను. కాని ఆ విజయము రాబడికి మించిన జీతముల మీదను, యజమాని ధనము ఎన్నడును తరుగదను నమ్మకము మీదను కట్టినది. 2009–10 సీజను ఒక్కదానిలోనే యజమానులు నలుగురు మారిరి. 2010 ఫిబ్రవరిలో, ప్రీమియర్ లీగునందుండగనే దివాలా పరిపాలనలోనికి వెళ్లిన మొదటి క్లబ్బుగా అది చరిత్రకెక్కెను. తొమ్మిది పాయింట్లు కోతపడినవి. బాకీలు పది కోట్ల పౌనులు దాటినవి. ఋణదాతల జాబితాలో ఆటగాండ్ర ఏజెంట్లు, ఇతర క్లబ్బులు, పన్నుల శాఖవారితోబాటు, మ్యాచి నాడు ప్రేక్షకులకు ప్రథమచికిత్స చేయు సెయింట్ జాన్ అంబులెన్స్ పేరుకూడ ఉండుట చూచి నగరవాసులు మిక్కిలి నొచ్చుకొనిరి. రెండేండ్లకే మరొక యజమాని పతనముతో రెండవమారు దివాలా వచ్చెను. 2013 వసంతము నాటికి నాలుగవ శ్రేణికి జారుట ఖాయమైన ఆ క్లబ్బులో చెప్పుకొనదగిన ఆటగాండ్రు లేరు, ధనము లేదు, పరపతి లేదు. మిగిలినది అభిమానులు మాత్రమే. వారే ట్రస్టుగా కూడి, నగరపాలక సంస్థ ఇచ్చిన అప్పును, కొందరు స్థానిక సంపన్నుల వాటాలను జతపరచుకొని, న్యాయస్థానము గడప త్రొక్కి, ఆ ఏప్రిల్‌లో క్లబ్బును తమదిగా చేసికొనిరి. 2014లో పాత బాకీలు తీరినవి. 2017 మే నెలలో, సీజను చివరి దినమున, నాలుగవ శ్రేణి విజేతగా నిలిచి పై శ్రేణికి ఎక్కెను. నాలుగవ శ్రేణిలో ఆడుచుండినను మ్యాచికి సగటున పదహారువేలకు పైగా జనము వచ్చుచుండిరనిన, ఆ నగరమునకు ఆ క్లబ్బుతో గల బంధమెట్టిదో తెలియును.

సరిగా ఆ విజయసమయముననే ఐస్నర్ ప్రతిపాదన వచ్చెను. అమ్మవలెనన్నవారి వాదము ధనాశతో పుట్టినది కాదు. ఫ్రాటన్ పార్క్ మైదానము 1899 నాటిది. దాని స్టాండులలో కొన్ని భద్రతా తనిఖీలకు నిలువజాలని స్థితికి వచ్చినవి. మరమ్మతులకే పలు మిలియనుల పౌనులు కావలెను. ట్రస్టు రాబడి ఆటకును జీతములకును చాలునే గాని మైదానమును బాగుచేయజాలదు. తాము క్లబ్బును బ్రతికించితిమి, పెంచుట తమ శక్తికి మించినదని వారు నిజాయితీగా ఒప్పుకొనిరి. వలదన్నవారి వాదమును తేలికగా త్రోసివేయదగినది కాదు. పదేండ్లలో ఇందరు యజమానులను చూచిన నగరమది. వచ్చిన ప్రతివాడును తియ్యని మాటలతోనే వచ్చెను. పోవునప్పుడు బాకీలు విడిచి పోయెను. ఒకసారి అమ్మిన వాటాను మరల కొనుట ఎన్నటికిని సాధ్యము కాదు; డెబ్బదియైదేండ్ల వృద్ధుడైన ఐస్నర్ మంచివాడే కావచ్చును, అతని తరువాత ఎవరు? ఆయన కుటుంబసమేతముగా వచ్చి గిల్డ్‌హాల్ సభలో అభిమానుల ప్రశ్నలకు స్వయముగా బదులు చెప్పెను. వేయి పౌనులు పెట్టినవాడు కోటి పౌనులు పెట్టబోవు వానిని నిలదీసి అడుగగల్గిన ఆ సభను, ఈ వివాదచరిత్ర అంతటిలోను నేను అత్యున్నత ఘట్టముగా భావించుచున్నాను.

ఎనభై శాతమునకు మించిన మద్దతుతో ట్రస్టు సభ్యులు అమ్మకమునకే సమ్మతించిరి. ఆగస్టులో క్లబ్బు 56 లక్షల 70 వేల పౌనులకు ఐస్నర్ కుటుంబసంస్థ వశమయ్యెను. దానికి తోడు కోటి పౌనులు క్లబ్బులో పెట్టెదమని వారు మాటయిచ్చిరి. ఇచ్చటనే ముఖ్యమైన సంగతి ఉన్నది. అమ్మకపు షరతులలో భాగముగా అభిమానుల ప్రతినిధులతో ఒక వారసత్వ సలహామండలి ఏర్పడినది. క్లబ్బు పేరు, చిహ్నము, రంగులు, నగరముతో దానికి గల సంబంధము వంటి విషయములలో ఆ మండలి మాటకు విలువ యుండునట్లు ఒడంబడిక జరిగినది. ఏడేండ్ల పిమ్మట, 2024లో, ఆ క్లబ్బు మూడవ శ్రేణి విజేతయై ఛాంపియన్‌షిప్‌నకు ఎక్కినది. ఫ్రాటన్ పార్క్ స్టాండులు బాగుపడినవి. ఈ ఏడేండ్లలో జట్టు పురోగతి మందమని విసిగినవారు లేకపోలేదు; కాని క్లబ్బును అప్పులపాలు చేసినాడని ఐస్నర్‌ను నిందించుటకు మాత్రము కారణము కనబడదు.

ఇట్లమ్ముడుపోవు వస్తువు నిజముగా ఏది? మైదానమా, ఆటగాండ్ర ఒప్పందములా, కప్పులు పెట్టిన బీరువాయా? పోర్ట్స్‌మత్ అనుభవము దీనికి జవాబు చూపినది: అవి యన్నియు పోయిన పిమ్మటను క్లబ్బునకు వెల యుండెను, ఆ వెల పదహారువేల మంది ఎడతెగని అనురక్తి. దుకాణము నచ్చనివాడు మరియొక దుకాణమునకు పోవును. క్లబ్బు నచ్చని అభిమాని మరియొక క్లబ్బునకు పోడు, పోలేడు. తండ్రి చేయి పట్టుకొని ఆరవయేట మొదలిడిన రాకపోకలు జీవితాంతము సాగును. ఈ విడువజాలనితనమే యజమాని కొనునట్టి ఆస్తి. ఎవరి విశ్వాసమునకు వెల కట్టబడుచున్నదో వారికి ఆ క్రయమునందు వాక్కు ఉండవలెనను వాదమునకు ఆధారమిదియే. తక్కిన వాదములన్నియు దీనికి అనుబంధములు.

ఆంగ్లేయులు పూర్వమీ సంగతి ఎరుగకపోలేదు. చర్చి బైబిలు తరగతులనుండి, రైలు కర్మాగారములనుండి, క్రికెట్ సంఘములనుండి పందొమ్మిదవ శతాబ్ది చివరలో పుట్టిన ఈ క్లబ్బులు అప్పులనుండి సభ్యులను కాపాడుటకై పరిమిత కంపెనీలుగా మారినప్పుడు, ఫుట్‌బాల్ అసోసియేషన్ వాటాదారుల లాభాంశమునకు స్వల్పమైన హద్దు గీచి, డైరెక్టర్లు జీతములు తీసికొనరాదని శాసించి, క్లబ్బు మూతపడినయెడల ఆస్తి వాటాదారుల జేబులలోనికి పోకుండునట్లు నియమము చేసెను. క్లబ్బు డైరెక్టరగుట గౌరవమే గాని వ్యాపారము కాదను భావన దానిలో ఉండెను. 1983లో టాట్‌నమ్ హాట్‌స్పర్ ఒక మాతృసంస్థను స్థాపించి, దానిని లండన్ షేరు బజారునకు ఎక్కించి, ఆ నియమమును ప్రక్కదారిన దాటెను, అసోసియేషన్ మిన్నకుండెను. 1992లో ప్రీమియర్ లీగు పుట్టుటతో టెలివిజన్ ధనము వరదయై వచ్చెను. అమెరికా ధనికుల రాకకు తలుపు తీసినవారు ఆంగ్లేయులే యని దీనివలన స్పష్టము.

అమెరికావారు ఏల వచ్చుచున్నారు? వారి దేశమున వృత్తిక్రీడల లీగులు మూసిన సంఘములు. అందలి జట్టు ఎంత చెడ్డగా ఆడినను క్రిందిశ్రేణికి జారదు. పలు లీగులలో జీతములకు గరిష్ఠపరిమితి యుండును. కావున జట్టు ధర ఏటేట పెరుగుటయే గాని తరుగుట అరుదు. ఆ ధరలతో పోల్చినచో, ప్రపంచమంతట ప్రేక్షకులున్న ఆంగ్ల క్లబ్బులు వారికి చౌకగా కనబడినవి. కాని ఇంగ్లండులో క్రిందికి జారు ప్రమాదము ప్రతి సీజనున ఉన్నది. ఆ ప్రమాదమే ఆటకు ప్రాణమని అభిమాని యెంచును. పెట్టుబడికి అదియే శత్రువని యజమాని యెంచును. ఈ రెండు చూపుల నడుమనున్న దూరము జాతిభేదమువలన కలిగినది కాదు, రెండు క్రీడావ్యవస్థల భేదమువలన కలిగినది.

మాంచెస్టర్ యునైటెడ్ సంగతి విస్తరించి చెప్పదగినది. 1998లో రూపర్ట్ మర్డాక్ టెలివిజన్ సంస్థ ఆ క్లబ్బును 62 కోట్ల పౌనులకు మించిన ధరకు కొనబూనగా, అభిమానులు చిన్న చిన్న వాటాలు కొని సంఘటితులై ఎదిరించిరి. 1999లో ప్రభుత్వము గుత్తవ్యాపార విచారణసంఘము సలహాపై ఆ కొనుగోలును నిలిపివేసెను. ఆ విజయము వారికి గొప్ప ధైర్యము నిచ్చినది. 2005 మే నెలలో ఫ్లోరిడా వ్యాపారి మాల్కమ్ గ్లేజర్ ఐర్లండు గుఱ్ఱపుపందెముల ధనికులిద్దరి వాటాను కొని, మిగిలిన వాటాలనుకూడ పొంది, దాదాపు 79 కోట్ల పౌనుల వెలతో క్లబ్బును కైవసము చేసికొన్నప్పుడు అట్టి అడ్డుపాటు దేనికిని చట్టమున తావు దొరకలేదు. ఆ వెలలో సగమునకు మించినది అప్పు. పొలము కొనదలచినవాడు ఆ పొలమునే తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ముతో పొలమును కొని, వడ్డీని ఆ పంటనుండియే కట్టించినట్లు, అప్పులేని క్లబ్బు తన్ను కొనినవాని అప్పును తానే మోయవలసివచ్చినది. వడ్డీలు, రుసుములు, లాభాంశములు కలిసి నేటికి వంద కోట్ల పౌనులు దాటినవని అభిమానసంఘముల లెక్క.

అయినను అభిమానులందరును ఒక్కమాటపై నిలిచిరనుకొనరాదు. కొందరు తమ జీవితమున మొదటిసారి సీజన్ టికెట్టును విడిచి, ఆ యేడాదియే ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అను క్లబ్బును సభ్యునికి ఒక్క ఓటు చొప్పున స్థాపించి, ఆంగ్ల ఫుట్‌బాల్ సోపానపు క్రిందిమెట్లనుండి మొదలిడి, పదేండ్లకు 2015లో బ్రాడ్‌హర్స్ట్ పార్క్ అను సొంత మైదానమును కట్టుకొనిరి. అన్నదమ్ములలో ఒకడు పాత మైదానమునకు, ఒకడు కొత్త క్లబ్బునకు పోయిన ఇండ్లు మాంచెస్టరులో ఉన్నవి. నిలిచిపోయినవారు చెప్పిన కారణమును బలమైనదే: యజమాని వచ్చును పోవును, క్లబ్బును అతనికి విడిచి తామేల పోవలెను? 2010లో, క్లబ్బు తొలినాటి న్యూటన్ హీత్ రంగులైన ఆకుపచ్చ, పసుపు మఫ్లర్లు మెడలో వేసికొని వేలమంది నిరసన తెలిపిరి. ప్రత్యర్థిజట్టులో ఆడవచ్చిన డేవిడ్ బెక్‌హమ్ ఆట ముగిసిన పిమ్మట అట్టి మఫ్లరును తీసి ధరించెను. ఇంతలో అలెక్స్ ఫెర్గూసన్ శిక్షణలో జట్టు 2007 మొదలు 2013 లోపల అయిదు లీగు విజయములు, 2008లో ఐరోపా కప్పు గెలిచినది. ఈ విజయములే ఆ వాదమును జటిలము చేసినవి. గెలుచుచున్న జట్టు ముందు వడ్డీలెక్క చెప్పువాని మాట ఎవరు విందురు? ఫెర్గూసన్ విరమించిన పిమ్మట పైకప్పు కారుట మొదలుగా మైదానపు లోపములన్నియు బయటపడినవి. 2021 మే 2వ తేదీన అభిమానులు మైదానములోనికి చొచ్చుకొనిపోగా లివర్‌పూల్‌తో మ్యాచి వాయిదాపడెను. 2024లో సర్ జిమ్ రాట్‌క్లిఫ్ అను ఆంగ్ల ధనికుడు పావువంతుకు మించిన వాటా కొనెను. ఓట్ల అధికాంశము నేటికిని గ్లేజర్ కుటుంబమునందే ఉన్నది.

ఇక లివర్‌పూల్‌ను చూడుడు. ఒకే దేశమునుండి వచ్చిన యజమానులు ఒకే క్లబ్బును ఎంత భిన్నముగా నడుపగలరో తెలియుటకు అంతకు మించిన నిదర్శనము లేదు. 2007 ఫిబ్రవరిలో టామ్ హిక్స్, జార్జి జిలెట్ అను ఇరువురు కొత్త మైదానము కట్టెదమని మాటయిచ్చి, దాదాపు 22 కోట్ల పౌనుల విలువకు క్లబ్బును కొనిరి. మైదానము లేవలేదు, అప్పు లేచినది, ఇరువురకును పొసగలేదు. 2008లో అభిమానులు తమ క్లబ్బును మహోన్నతస్థితికి తెచ్చిన శిక్షకుడు బిల్ షాంక్లీ పేరిట స్పిరిట్ ఆఫ్ షాంక్లీ అను సంఘమును స్థాపించి, బ్యాంకు అధికారులకు లేఖలు వ్రాసి, వీధులలో ఊరేగి, అప్పును తిరగవ్రాయవలదని ప్రాధేయపడిరి. 2010 అక్టోబరులో లండన్ హైకోర్టు వ్యాజ్యము ముగియగా, బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు యజమాని జాన్ హెన్రీ బృందము 30 కోట్ల పౌనులకు క్లబ్బును తీసికొనెను. వారును అమెరికావారే, వారును లాభము చూచుకొనువారే. కాని పాత యాన్‌ఫీల్డ్‌ను విడువక దానినే విస్తరించిరి; కొనుగోలు అప్పును క్లబ్బు మెడకు కట్టలేదు; 2019లో ఐరోపా కప్పును, 2020లో ముప్పదేండ్ల తరువాత లీగును, 2025లో మరల లీగును క్లబ్బు గెలిచెను.

మంచి యజమానిని పొందినంతమాత్రమున అభిమానుల పని తీరలేదని చూపు సంఘటన అచ్చటనే జరిగినది. 2016లో యాజమాన్యము అత్యధిక టికెట్టు ధరను 77 పౌనులుగా నిర్ణయింపగా, ఫిబ్రవరి 6వ తేదీన సండర్లండ్‌తో మ్యాచి జరుగుచుండగా, 77వ నిమిషమున పదివేలమంది లేచి వెలుపలికి నడచిరి. అప్పటికి రెండు గోలుల ఆధిక్యములోనున్న జట్టు ఆ మ్యాచిని సమానముగా ముగించెను. కొద్దిదినములలో యజమానులు క్షమాపణ చెప్పి ధరలను స్తంభింపజేసిరి. టికెట్టు ధరలపై అభిమానుల సంఘటిత శక్తి ఫలించిన సందర్భములలో ఇది మేటి. కాని దీని బలము ఆ యజమానులు సిగ్గుపడగలవారగుటయందే యున్నదని మరువరాదు.

తక్కిన క్లబ్బులను త్వరగా చెప్పుదును. ఆస్టన్ విల్లాను 2006లో కొన్న రాండీ లెర్నర్ సొంత ధనము వెచ్చించెను, జెర్సీపై వాణిజ్య ప్రకటనకు మారుగా వ్యాధిగ్రస్తులైన పిల్లల సేవాసంస్థ పేరును ఉచితముగా వేయించెను. ఆయన సౌజన్యమును ఎవరును శంకింపలేదు. అయినను ఆసక్తి తగ్గిన పిమ్మట జట్టు 2016లో క్రిందికి జారెను. ఆర్సెనల్‌ను పూర్తిగా సొంతము చేసికొన్న స్టాన్ క్రోంకి 2018లో, తొంబదిశాతము దాటిన యజమానికి చట్టమిచ్చు హక్కుతో, తాతలనాటి నుండి ఒక్కటి రెండు వాటాలను కుటుంబనిధిగా దాచుకొన్న చిన్న వాటాదారులను వెలుపలికి పంపించెను. వారికి ధర ముట్టెను, కాని వార్షికసభలో లేచి ప్రశ్నించు హక్కు పోయెను. రెక్స్‌హమ్‌లో 2020 చివర ఓటు వేసిన అభిమానుల ట్రస్టు సభ్యులలో తొంబదియెనిమిది శాతమునకు పైగా ఇరువురు సినీనటులను ఆహ్వానించిరి. 2023 మొదలు వరుసగా మూడు సీజనులు పైశ్రేణులకెక్కిన ఆ చిన్న పట్టణపు ఆనందము లోకవిదితము.

స్వాన్సీ కథ మాత్రము పోర్ట్స్‌మత్‌కు ప్రతిరూపమై మనస్సును కలచును. అభిమానుల ట్రస్టు 21 శాతము వాటాతో, పాలకమండలిలో స్థానముతో, ఇంగ్లండు లీగులన్నిటికిని ఆదర్శమని కీర్తింపబడిన క్లబ్బది. 2016లో తక్కిన వాటాదారులు అమెరికా పెట్టుబడిదారులతో బేరము కుదుర్చుకొని అధికవాటా నమ్మివేసిరి. ఆ బేరమున ట్రస్టును చేర్చుకొనలేదు. రెండేండ్లలో జట్టు ప్రీమియర్ లీగునుండి జారెను. ట్రస్టు న్యాయపోరాటము 2022లో రాజీతో ముగిసెను. ఇక్కడ తప్పు కొన్నవానిదా, అమ్మినవానిదా? అమ్మినవారిలో ప్రముఖులు స్థానికులే, ఆ క్లబ్బు అభిమానులే. విదేశి యజమానిని గూర్చిన వాదములలో అమ్మినవాని బాధ్యత ఎప్పుడును మరుగుననే యుండిపోవుట నాకు బాధాకరముగా నున్నది.

యజమాని అమెరికాదేశీయతనే దోషముగా నెంచువారికి మరికొన్ని ఉదాహరణములు చూపవచ్చును. 1885లో పుట్టిన బరీ క్లబ్బు 2019లో లీగునుండి బహిష్కృతమైనప్పుడు దాని యజమాని ఆంగ్లేయుడే. కార్డిఫ్ నీలి జెర్సీని 2012లో ఎరుపుచేసిన యజమాని మలేషియావాడు. మూడేండ్లు గడువకమునుపే మరల నీలమే వచ్చెను. అమెరికా ధనికుని చేత దెబ్బతిన్నవారిలో అమెరికా అభిమానులే మొదటివారు. 1957 సీజను ముగియగనే బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు లాస్ ఏంజెలీస్‌కు తరలిపోయెను; 1984 మార్చిలో బాల్టిమోర్ కోల్ట్స్ సామానంతయు ఒక్కరాత్రిలో లారీలకెక్కి ఇండియానాపొలిస్ చేరెను. 1995లో క్లీవ్‌లండ్ బ్రౌన్స్ తరలుచున్నదని తెలిసినప్పుడు ఆ నగరము కోర్టుకెక్కి, పేరును, రంగులను, రికార్డులను తనయొద్దనే నిలుపుకొనెను. ఆ పేరుతో 1999లో కొత్త జట్టు వచ్చెను. విస్కాన్సిన్ రాష్ట్రమున గ్రీన్ బే అను చిన్న పట్టణపు ప్యాకర్స్ జట్టు 1923 నుండి ప్రజల సొత్తు. లక్షలమంది వాటాదారులకు లాభాంశము లేదు. అందువలననే అది నూరేండ్లుగా ఆ ఊరు విడువలేదు. తన దేశముననే ఈ మార్గము విజయవంతమైయుండగా అమెరికా పెట్టుబడిదారు దానిని ఇంగ్లండులో అసాధ్యమనుటకు వీలులేదు.

2021 ఏప్రిల్ 18వ తేదీన పండ్రెండు ఐరోపా క్లబ్బులు సూపర్ లీగును ప్రకటించినవి. దానిలో చేరిన ఆరు ఆంగ్ల క్లబ్బులలో మూడింటి యజమానులు అమెరికావారు. స్థిరసభ్యులకు జారుట లేని ఆ ప్రణాళిక పైన చెప్పిన మూసిన సంఘమునకు ప్రతిబింబమే. రెండు దినములలో, చెల్సీ అభిమానులు తమ మైదానము ముందు బస్సును అడ్డగించిన సాయంకాలము, ఆంగ్ల క్లబ్బులన్నియు విరమించుకొనినవి. పరస్పరవైరము గల క్లబ్బుల అభిమానులు అన్నాళ్లకు ఒక్కటిగా నిలిచిరి. ఆ క్షోభమునుండియే పార్లమెంటు సభ్యురాలు ట్రేసీ క్రౌచ్ అధ్యక్షతన విచారణయు, ఆమె నివేదికయు, తుదకు 2025 జులైలో రాజామోదము పొందిన ఫుట్‌బాల్ పరిపాలన చట్టమును పుట్టినవి. పై అయిదు శ్రేణుల క్లబ్బులు ఇకమీదట స్వతంత్ర నియంత్రణాధికారి అనుమతిపత్రము పొందవలెను. కొనబోవు యజమాని యోగ్యతను, ధనమూలమును పరీక్షింతురు. చిహ్నమును జెర్సీ రంగులను మార్చుటకు అభిమానుల అధికాంశపు సమ్మతి కావలెను. మైదానమును విడుచుటకు నియంత్రణాధికారి ఒప్పుదల కావలెను. సూపర్ లీగువంటి పోటీలలో చేరుట నిషిద్ధము. పోర్ట్స్‌మత్ అభిమానులు అమ్మువారుగా బేరమాడి సంపాదించుకొన్న రక్షణలో ముఖ్యభాగము, బేరమాడు శక్తిలేని క్లబ్బులకుకూడ దీనివలన లభించినది.

అయినను కొరతలు కలవు. యజమాని క్లబ్బును తాకట్టుపెట్టి అప్పుతో కొనుటను ఈ చట్టము నేరుగా నిషేధింపలేదు. టికెట్టు ధరలపై అభిమానులను సంప్రదింపవలెనన్నదే గాని నిర్ణయము వారిది కాదు. మొదటి కొరత పెద్దదని నా అభిప్రాయము. జర్మనీలో 1998 నుండి సభ్యులకే ఓట్ల అధికాంశమునిచ్చు నియమమును ఇంగ్లండులో ఇప్పుడు తెచ్చుట సాధ్యము కాదు. 250 కోట్ల పౌనులకు 2022లో అమ్ముడుపోయిన చెల్సీవంటి క్లబ్బులో సగమును అభిమానులు ఎక్కడనుండి కొనగలరు? అందుచేత యాజమాన్యము ధనికునిదే యైనను, మరల సరిదిద్దుటకు వీలుకాని నిర్ణయములను, అనగా పేరు, ఊరు, మైదానము, పుట్టుకతో వచ్చిన రంగులు, కొనుగోలు అప్పు – వీనిని అభిమానుల సమ్మతికి కట్టుబరచి, ఆటగాని కొనుగోలు, శిక్షకుని నియామకము మొదలగునవి యజమానికే విడుచుట న్యాయము. ఈ హద్దును క్లబ్బు అమ్ముడుపోవుటకు ముందే గీయవలెను. తరువాత గీయుటకు అభిమాని చేతిలో ఏ సాధనమును మిగులదు.

ఈ వ్యవహారము మనకు దూరమైనది కాదు. 2024లో తెలుగువారి జి.ఎం.ఆర్. సంస్థ హాంప్‌షైర్ కౌంటీ క్రికెట్ క్లబ్బును కొనుటకు ఒప్పందము చేసికొన్నది. పోర్ట్స్‌మత్ నగరము ఆ హాంప్‌షైరులోనిదే. విదేశి యజమాని పాత్ర అచ్చట మనవారిదే. అభిమాని పాత్రయు మనకు తెలియును. 2009లో ఐ.పి.ఎల్. విజేతయైన డెక్కన్ చార్జర్స్ 2012లో యాజమాన్యపు ఆర్థికసంకటముతో అంతరించెను. ఫుట్‌బాల్‌లోనైతే హైదరాబాదుది ఇంకను గొప్ప వారసత్వము: సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమారులు రోవర్స్ కప్పు గెలిచెను, 1951, 1962 ఏషియా క్రీడలలో భారతదేశమునకు స్వర్ణపతకములు తెచ్చిన శిక్షకుడాయనయే. అట్టి నగరమున 2019లో పుణె జట్టుస్థానమున ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచి, యాజమాన్యము మారిన పిమ్మట 2025లో ఢిల్లీకి తరలి, పేరుకూడ మార్చుకొనెను. పుణెవారు 2019లో పోగొట్టుకొన్నదానిని ఆరేండ్లకు హైదరాబాదువారు పోగొట్టుకొనిరి. అదే 2025లో మన పార్లమెంటు జాతీయ క్రీడాపరిపాలన చట్టమును చేసెను. అది క్రీడాసమాఖ్యల నిర్వహణకు, ఎన్నికలకు, వివాదపరిష్కారమునకు సంబంధించినది. వృత్తిక్లబ్బు ఊరు మారుటను గూర్చి అభిమానుల మాట అడుగవలెనను నియమము దానిలో లేదు. లీగులో ప్రవేశించు ప్రతి క్లబ్బు ఒడంబడికలోను, ఊరుగాని పేరుగాని మార్చుటకు ఆ ఊరి సీజన్ టికెట్టుదారుల అధికాంశము ఒప్పుకొనవలెనను ఒక్క షరతును చేర్చుట సమాఖ్యకు అసాధ్యము కాదు. దానికై హైదరాబాదు, పుణె అభిమానులు కలిసి సమాఖ్యను అడుగుట ఇప్పుడు చేయదగిన పని.